ఒంటికణపు ప్రాణులు – వాని రెండవ గ్రంథము



కొల్లేటి నీటిలో ఒక చుక్క తీసికొని సూక్ష్మదర్శినిక్రింద నుంచి చూచినచో, ఆ చుక్కయే ఒక ఊరివలె కానవచ్చును. చెప్పుటడుగు ఆకారముగల ప్రాణి యొకటి ఒడలిచుట్టును సన్నని వెండ్రుకల నాడించుచు పరుగులిడును. మఱియొకటి కొరడావంటి తోకతో ఈదును. వేఱొకటి ఒక రూపమున నిలువక, పలక మీద పోసిన జిగురువలె సాగుచు నడచును. వీనికి చేతులు లేవు, కాళ్లు లేవు, గుండె లేదు, కడుపు లేదు. ఒడలంతయు ఒక్కటే కణము. అందుచేత వీనిని ఏకకణ జీవులందురు. తాటికల్లును పొంగించు ఈస్టు ఇట్టిదే. చలిజ్వరము తెచ్చు మలేరియా క్రిమి ఇట్టిదే. గేదెలను, గుఱ్ఱములను చిక్కిపోవునట్లు చేయు సర్రా రోగపు క్రిమియు ఇట్టిదే.

నేను నలువది యేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. చిన్ననాట గురువుల యొద్ద కావ్యములును వ్యాకరణమును చదివితిని. అట్టివానికి ఈ క్రిముల ముచ్చట యేల యని మీరడుగవచ్చును. కారణములు రెండు కలవు. మొదటిది, ఇది మన కొట్టములోని పాడికిని మన యింటిలోని జ్వరమునకును సంబంధించిన విషయము. రెండవది, ఇది గ్రంథములకు సంబంధించిన విషయము. ఈ ప్రాణుల కడుపులో అక్షరములు కలవు, వానిని చూచి ప్రతులు వ్రాయు లేఖకులు కలరు, అక్షరలోపములు కలవు, ఆ లోపములను సవరించు పరిష్కర్తలును కలరు. తాటాకుల నడుమ పెరిగిన పండితునకు ఇంతకంటె తెలిసిన త్రోవ మఱేమున్నది?

ముందుగా కణములోని పొయ్యిని గూర్చి రెండు మాటలు.

గాదెలో ధాన్యమున్నంత మాత్రమున రైతునకు కూలీలకిచ్చుటకు చేత డబ్బున్నట్లు కాదు. ధాన్యమును అమ్మి రొక్కము చేసికొనవలెను. అట్లే మనము తిన్న అన్నములోని శక్తిని కణము నేరుగా వాడుకొనలేదు. దానిని మొదట రొక్కముగా మార్చుకొనును. ఆ రొక్కమునకు ఏ.టి.పి. అని పేరు. కండ కదలవలెనన్నను, కన్ను చూడవలెనన్నను, క్రిమి తోక నాడింపవలెనన్నను ఈ రొక్కమే చెల్లవలెను.

దీనిని లోకమునకు తెలియజేసిన వారిలో ఒకరు మన సీమవారగుట మనకు గర్వకారణము. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేసి, 1929లో ఈ పదార్థమును కండరములనుండి వేరుచేసి ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను పండితుడు తానును వేరుగా దీనిని కనుగొనెను. బోదకాలు క్రిమిపై నేటికిని వాడుచున్న డై ఇథైల్ కార్బమజీన్ అను మందు వెలువడినదియు సుబ్బారావుగారి నడిపింపులోని ప్రయోగశాలనుండియే. వారు 1948 ఆగష్టులో పరమపదించిరి. కొల్లేటికి ఇంత చేరువలో పుట్టినవారు కణపు రొక్కమును కనిపెట్టినవారిలో నొకరని మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనయందున్నది.

ఈ రొక్కము ఎక్కువగా తయారగు టంకశాలకు మైటోకాండ్రియా అని పేరు. 1898లో కార్ల్ బెండా అను జర్మను పండితుడు, దారము, గింజ అను అర్థములుగల రెండు గ్రీకు మాటలను కలిపి ఈ పేరు పెట్టెను. కొన్ని కణములలో ఇవి గింజలవలె విడివిడిగా నుండును. కొన్నిటిలో దారమువలె సాగియుండును. మనము పీల్చిన ప్రాణవాయువు చివరకు వెచ్చమగునది ఇచటనే. జఠరాగ్ని యని మన పెద్దలనిరి. ఆ మాటను ఇచటికి తెచ్చి రెంటికిని ముడివేయుట నా యభిప్రాయము కాదు. ఆ శాస్త్రము వేరు, ఈ శాస్త్రము వేరు. అయినను, ప్రతి కణములోను ఒక చిన్న పొయ్యి వెలుగుచున్నదని చెప్పుకొన్నచో విషయము సుళువుగా మనసున కెక్కును.

ఇక గ్రంథము. కణము నడుమ బీజకేంద్రమను ఒక గది కలదు. ఆ ప్రాణి యొక్క రూపురేఖలు, నడవడి, సంతానక్రమము మొదలగు వానికి వలయు ఆజ్ఞలన్నియు అందు దాచబడియుండును. వ్రాసిన ఆకు డి.ఎన్.ఏ. అను పదార్థము. వ్రాసిన లిపిలో నాలుగే అక్షరములు. మన యేబదియాఱు అక్షరములతో మనమెన్ని పురాణములు వ్రాసికొంటిమో, ఈ నాలుగింటితో ప్రకృతి సకల ప్రాణులను వ్రాసినది. ఈ ఆకు జంటపేటలుగా నుండుటచే, దాని పొడవును అక్షరముల జతలలో కొలుతురు.

చాలకాలము గ్రంథమంతయు ఆ నడిమి గదిలోనే యున్నదని పండితులు తలంచిరి. 1963లో స్వీడను దేశమున మార్గిట్ నాస్, సిల్వాన్ నాస్ అను దంపతులు కోడిగ్రుడ్డులోని పిండపు కణములను పరీక్షించుచు, మైటోకాండ్రియా లోపలను డి.ఎన్.ఏ. దారములను చూచిరి. అనగా ఇంటి నడుమ పెద్ద గ్రంథాలయ ముండగా, వంటయింటిలో పొయ్యిప్రక్కనే మఱియొక చిన్న పుస్తకమున్నదన్న మాట. నేను రెండవ గ్రంథమనుచున్నది దీనినే.

మనుష్యుని రెండవ గ్రంథమును 1981లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పండితులు మొదటినుండి తుదివరకు చదివిరి. అది 16,569 జతల అక్షరములు గల ఒక వలయము, అనగా కడియమువలె మొదలు తుది లేనిది. అందు 37 ప్రకరణములు. వానిలో 13 మాత్రమే పొయ్యికి వలయు మాంసకృత్తులను చెప్పును. తక్కినవి ఆ 13 ప్రకరణములను చదువుటకు వలయు పనిముట్లు. ఆవునకును, కోడికిని, చేపకును ఈ గ్రంథము దాదాపు ఇదే పరిమాణము, ఇదే వలయాకారము. కాన జంతువుల వఱకు చూచిన పండితులు, ఎల్లెడల ఇట్లే యుండునని తలంచుట సహజము. కాని ఏకకణ జీవులను తెఱచి చూచినప్పుడు ఆ తలంపు నిలువలేదు. పెద్ద ప్రాణులలో ఒకే తీరుననున్న గ్రంథము, ఈ కంటికానని ప్రాణులలో ఇన్ని తీరుల నుండుట కడు వింత.

మన తాటితోపులలోని ఈస్టును తీసికొందము. దీని రెండవ గ్రంథము సుమారు 80,000 జతలు. మనదానికి దాదాపు అయిదింతలు. కాని అందలి మాంసకృత్తుల ప్రకరణములు మనకంటె తక్కువ. తక్కినదానిలో చాలభాగము ఖాళీ పుటల వంటిది. 1949లో పారిసు నగరమున బోరిస్ ఎఫ్రుస్సీ అను పండితుడు ఈస్టునందొక విశేషమును ప్రకటించెను. కొన్ని ఈస్టు కణములు మరుగుజ్జు గుంపులుగా మాత్రమే పెరుగుచుండెను. వాని సంతతియు అట్లే మరుగుజ్జు. రెండవ గ్రంథము చెడుటయో, బొత్తిగా పోవుటయో దీనికి హేతువని తరువాత తేలినది. పొయ్యి ఆరినను ఈస్టు చావదు. చక్కెరను పులియబెట్టి, ఆ కొద్ది రొక్కముతో కాలము గడుపును. కల్లు పొంగుట యనునది ఆ పులియబెట్టుటయే.

చెప్పు ఆకారముగల ప్రాణిని పెరమీసియమందురు. దాని గ్రంథము వలయము కాదు. సుమారు 40,000 జతలు గల నిట్టనిలువు ఆకు, రెండు కొసలు గలది. దాని బంధువగు టెట్రాహైమెనా అను ప్రాణిలోను ఇట్లే నిలువుటాకు. కొసలు చిరిగిపోకుండుటకు రెండు ప్రక్కలను ఒకే వరుస అక్షరములు మరల మరల వ్రాయబడియుండును. మనవారు తాటాకు గ్రంథమునకు పైనను క్రిందను చెక్కపలకలు కట్టినట్లని తలంపుడు.

ఇక రోగముల దిక్కునకు వత్తము.

1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపును చీల్చి, అందు మలేరియా క్రిమిని చూచెను. దోమకాటుచే మలేరియా వచ్చునను సంగతికి ఆ దినమే పునాది పడినది. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ క్రిమి యొక్క రెండవ గ్రంథము మనకు తెలిసిన యట్టి గ్రంథములలో మిక్కిలి చిన్నవానిలో నొకటి. సుమారు 6,000 జతలు మాత్రమే. అందు మాంసకృత్తుల ప్రకరణములు మూడే మూడు. చదువుటకు వలయు పనిముట్ల ప్రకరణములు కూడ చిన్నచిన్న ముక్కలై, క్రమము తప్పి, అటునిటు చెదరియున్నవి. ఈ చిన్న గ్రంథమే ఒకదాని వెంట నొకటిగా అనేక పర్యాయములు వ్రాయబడి నిడుపాటి దారముగా నుండును.

మూడు ప్రకరణములే గదా, ఉండిననేమి, పోయిననేమి యనరాదు. ఆ మూడింటిలో నొకటి సైటోక్రోమ్ బి అను మాంసకృత్తును చెప్పును. అటోవాక్వోన్ అను మలేరియా మందు పోయి పట్టుకొనునది దానినే. ఇది మన పల్లెలలో సామాన్యముగా నిచ్చు మందు కాదు. విదేశములకు పోవువారు ఎక్కువగా వాడునది. ఈ ప్రకరణములో ఒక్క అక్షరము మాఱినచో మందు పట్టు తప్పును, క్రిమి బ్రతుకును. ఇది మనకు చెడువార్త. కాని 2016లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ పండితులు మఱికొందఱితో కలిసి దీనికొక మఱుప్రక్కను చూపిరి. అక్షరము మాఱిన క్రిమి మన నెత్తురులో బాగుగనే బ్రతుకును. ఏలన నెత్తురులో చక్కెర సమృద్ధిగా నుండుటచే పొయ్యి మందగించినను దానికి జరుగును. కాని దోమ కడుపులో అట్టి సమృద్ధి లేదు. అచట పొయ్యి నిండుగా వెలుగవలెను. ఆ పొయ్యిలోనే లోపమున్న క్రిమి అచట పెంపొందజాలక నశించును. కావున ఆ మందును ఎదిరించిన క్రిమి ఒక మనుష్యునినుండి మఱియొకనికి సోకుట కడు కష్టము. గెలిచిన క్రిమి తన గెలుపుచేతనే వంశహీనమగును. ఈ క్రిమి సంతానమునకు రెండవ గ్రంథము తల్లివైపునుండి మాత్రమే వచ్చుటయు ఇచట గుర్తుంచుకొనదగినది. తండ్రివైపునుండి మంచి ప్రతి వచ్చి ఆ లోపమును పూరించు వీలు లేదు.

దీనికి సరిగా ఎదురు కథ సర్రాది. పాడి గలవారు దీనిని శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను.

1880లో, ఇప్పుడు పాకిస్తానులోనున్న డేరా ఇస్మాయిల్ ఖాను అను ఊర, గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు గుఱ్ఱముల, ఒంటెల నెత్తురులో తోకతో మెలికలు తిరుగుచు ఈదు క్రిమిని చూచెను. అదియే సర్రా క్రిమి. ట్రైపనోసోమా అను జాతికి చెందినది. కాలాజ్వరము తెచ్చు లీష్మానియా దీనికి జ్ఞాతి. ఆ క్రిమిని 1903లో మద్రాసున చార్లెస్ డొనోవాన్ చూచెను, దానికి మందుగా యూరియా స్టిబమైనును 1922లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారిగారు ప్రకటించిరి.

ఈ వంశపు క్రిములకన్నిటికి ఒక విచిత్రము కలదు. తోక మొదట నల్లని చుక్కవంటి దొకటి రంగు వేసి చూచిన కనబడును. పండితులు దానిని చాలకాలమునుండి ఎఱుగుదురు. కైనెటోప్లాస్టు అని పేరు పెట్టిరి. అదేమో తరువాత తెలిసినది. అది ఈ క్రిమి యొక్క రెండవ గ్రంథమంతయు ఒకచోట పేర్చిన బిళ్ల.

ఆ బిళ్ల ఎట్టిదనగా: మన కొల్లేటి పల్లెకారులు విసరు వలను మీరెఱుగుదురు. వల ముడులతో అల్లినది. ఈ బిళ్లలో ముడులు లేవు. పూర్వము వీరులు తొడిగిన గొలుసుకవచము గుర్తు తెచ్చుకొనుడు: ఒక కడియములో మఱియొక కడియము దూరి, దానిలో వేఱొకటి దూరి, ఏ ఒక్కదానిని విఱువకుండ బయటికి తీయ వీలులేనట్లుండును. ఇదియు అట్లే. ఆఫ్రికాలో నిద్రరోగము తెచ్చు క్రిమిలో, ఒక్కొక్కటి సుమారు 1,000 జతలు గల చిన్న కడియములు వేలకొలదిగను, ఒక్కొక్కటి సుమారు 23,000 జతలు గల పెద్ద కడియములు కొన్ని పదులుగను, ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండును. క్రిమి రెండుగా చీలునప్పుడు, చిన్న కడియములలో ప్రతిదానిని గొలుసునుండి విడదీసి, ప్రతి వ్రాసి, మరల గొలుసున కూర్చి, తుదకు కవచమును రెండుగా పంచవలెను. ఇంత పనిని ఆ యణువంత ప్రాణి తప్పులేకుండ నడుపుచున్నది.

పెద్ద కడియములలో పొయ్యికి వలయు ప్రకరణములు కలవు. కాని వానిని చదువబోయిన పండితులు మొదట నివ్వెఱపోయిరి. అక్షరములు లోపించి, వాక్యము పొసగక, అర్థము కానట్లున్నవి. నేనెన్నో తాటాకు ప్రతులలో లేఖకుడు విడిచిన అక్షరములు చూచియున్నాను. కాని ఇట్టి లోపములు గల ప్రతి ఏ పండితుని చేతికిని వచ్చియుండదు. 1986లో హాలండు దేశపు ఆంస్టర్‌డాం నగరమున రాబ్ బెన్న అను పండితుడును ఆయన తోడివారును దీని మర్మము కనుగొనిరి. మూలమును చూచి వ్రాసికొన్న నకలులో, లేని అక్షరములను క్రిమి తరువాత చేర్చుకొనుచున్నది. అక్కడక్కడ ఎక్కువైనవానిని కొట్టివేయుచున్నది. కొన్ని ప్రకరణములలో తుది పాఠమునందలి అక్షరములలో సగమునకు పైగా ఇట్లు తరువాత చేర్చినవే! ఏ చోట ఏ యక్షరము చేర్చవలెనో చెప్పునదెవరు? 1990లో అమెరికా పండితులు దానిని తేల్చిరి. చిన్న ఆర్.ఎన్.ఏ. చీటీలు కొన్ని నకలు ప్రక్కన నిలిచి, లోపించిన తావులను చూపుచున్నవి. అందు పెక్కు చీటీలను వ్రాయుచున్నది ఆ వేలకొలది చిన్న కడియములే. మూలము పెద్ద కడియమున, సవరణపట్టిక చిన్న కడియముల. రెండును లేనిదే పాఠము కుదురదు.

ఇప్పుడు మన సర్రా క్రిమి దగ్గఱకు వత్తము. ఇది ఆఫ్రికా క్రిమికి సంతతి. ఆఫ్రికా క్రిమి త్సెత్సె అను ఈగ కడుపులో కొంతకాలము పెరిగి గాని పశువునకు సోకజాలదు. ఈగ కడుపులో చక్కెర కొఱత. కావున పొయ్యి వెలుగవలెను. అందుకు పెద్ద కడియములు వలయును. సర్రా క్రిమి ఆ పెద్ద కడియములను పోగొట్టుకొన్నది. చిన్న కడియములు మిగిలినను చాలవఱకు ఒకే మూసవి. సవరించుటకు మూలమే లేనప్పుడు పలువిధముల సవరణపట్టికలేల? కొన్ని తెగలలో అవియు లేవు. తన పెద్ద గ్రంథాలయములో మఱియొక చోట కలిగిన చిన్న మార్పుచే ఈ క్రిమి, రెండవ గ్రంథము లేకయే నెత్తురులోని చక్కెరతో బ్రతుక నేర్చినది.

దాని ఫలితమేమి? త్సెత్సె ఈగ కడుపులో అది పెరుగలేదు. కాని ఆ ఈగ యవసరమును దానికి తీరిపోయినది. మన జోరీగ ఒక పశువును కుట్టి, నెత్తుటి మూతితో వెంటనే రెండవ పశువును కుట్టినచో, ఆ మూతి తడిలోనే క్రిమి దాటిపోవును. కావున త్సెత్సె ఈగ యున్న ఆఫ్రికా హద్దు దాటి, ఆసియా ఖండమంతటను, దక్షిణ అమెరికాలోను ఇది వ్యాపించినది. మలేరియా క్రిమి పొయ్యి చెడి దోమలో చిక్కుకొని నశించుచున్నది. సర్రా క్రిమి పొయ్యి పోగొట్టుకొని దేశములు తిరుగుచున్నది. రెంటికిని లోపము ఒక తావుననే. తేడా యేమనగా, మలేరియా క్రిమికి దోమ పుట్టినిల్లు. సర్రా క్రిమికి జోరీగ దాటింపు పడవ. పడవలో కాపురముండవలసిన పని లేదు గదా.

ఈ లోపము చికిత్సకును ముడిపడియున్నది. డిమినజీన్ అను పశువైద్యపు మందు క్రిమిలో ప్రవేశించి, ఈ కడియములనంటుకొని, ప్రతి వ్రాయుటకు అడ్డుపడును. ఐసోమెటామిడియము అనునదియు ఇట్టిదే. అయితే రెండవ గ్రంథముతో పనిలేకుండ బ్రతుక నేర్చిన క్రిమిపై ఇట్టి మందులలో కొన్నిటి దెబ్బ కొంత తక్కువగా తగులునని ప్రయోగశాలలలో తేలినది. అంతియేకాక, మందు కొలత తక్కువైనచో, చావక మిగిలిన క్రిములలో, మందు లోనికి వచ్చు వాకిలినే మూసికొన్నవి పెంపొందును. అటుతరువాత అదే మందు రెండింతలిచ్చినను ఫలము తక్కువ. కావున కొలత తక్కువగా ఇచ్చు సూది పశువును కాపాడకపోవుట మాత్రమే కాదు, ప్రక్క కొట్టములలోని పశువులకును చేటు తెచ్చును.

ఏలూరునుండి తాడేపల్లిగూడెము వఱకును, కొల్లేటి లంకలలోను పాడిగేదె లేని రైతిల్లు అరుదు. నీటి పట్టుల చెంత, వానలు కురియు కాలమునను, వెలిసిన పిదపను జోరీగ విజృంభించును. గేదెకు జ్వరము వచ్చి తగ్గి మరల వచ్చుచున్నను, పాలు తగ్గి ఒడలు చిక్కుచున్నను, కన్నులనుండి నీరు కారుచున్నను, ఉన్నట్టుండి ఒకే వైపునకు గుండ్రముగా తిరుగుచున్నను, దిష్టి తీసి ఊరకుండరాదు. జ్వరము కాయుచుండగనే పశువైద్యుని పిలిచి నెత్తురు పరీక్ష చేయింపవలెను. అద్దముపైని నెత్తుటిలో క్రిమి కనబడకున్నను రోగము లేదని తేల్చివేయరాదు. ఎద్దులలోను గేదెలలోను ఇది తఱచు చాటున దాగియుండును. ఇట్టి పట్టున పి.సి.ఆర్. అను పరీక్ష అక్కఱకు వచ్చును. నేను చెప్పిన చిన్న కడియములు వేలకొలదిగా నుండుటచే, నెత్తుటిలో క్రిమి ఒకటి రెండు మాత్రమే యున్నను దాని అక్షరములు పరీక్షకు దొరకును. కడియములు బొత్తిగా లేని తెగలు కొన్ని కలవు గనుక, పండితులు వేఱు అక్షరముల వరుసలను వెదకు పరీక్షలను కూడ వాడుదురు.

మందు సంగతి పశువైద్యునకు విడువవలెను. పశువు బరువును బట్టి కొలత నిర్ణయించునది ఆయన. అంగడిలో సీసా కొని ఉజ్జాయింపుగా పొడుచుట తగదు. ఒకే సూదితో పలు పశువులకు మందెక్కించుట మఱియు తగదు. నెత్తుటి సూది జోరీగ మూతియు ఒకటే. సంతనుండి క్రొత్తగా తెచ్చిన పశువును మందలో కలుపకముందు కొన్నాళ్లు వేఱుగా కట్టి, పరీక్ష చేయించుట మేలు. కొట్టమునుండి పేడను దూరముగా తీయుట, సందెవేళ పొగవేయుట మన పెద్దల యాచారమే. అది ఈగల పోరును కొంత తగ్గించును.

ఈ రోగము మనుష్యులకు వచ్చునా యని కొందఱడుగుచుందురు. మన నెత్తురులోనున్న ఒక మాంసకృత్తు ఈ క్రిమిని చంపును; అందుచేత సాధారణముగా రాదు. 2004లో మహారాష్ట్రములోని చంద్రపూరు జిల్లాయందు ఒక రైతునకు వచ్చినది. పరీక్షింపగా, ఆ రక్షక మాంసకృత్తు ఆయన నెత్తురులో పనిచేయుట లేదని తేలినది. సురామిన్ అను మందుతో ఆయనకు నయమైనది. కావున భయపడ నక్కఱలేదు. అయినను చేతిమీద గాయములున్నవారు రోగపు పశువు నెత్తురును తాకకుండుట మంచిది.

మలేరియా విషయమున ఒక్క మాట. జ్వరము దిగినంత మాత్రమున మాత్రలు మానరాదు. వైద్యుడు ప్రైమాక్విన్ మాత్రలను పదునాలుగు దినములు వాడుమనినచో పదునాలుగు దినములును వాడవలెను. ఏలన, కొన్ని క్రిములు కాలేయములో నిదురించి, నెలలు గడచిన పిదప మేల్కొనును.

రెండవ గ్రంథమును పోగొట్టుకొన్నవి మఱికొన్ని కూడ కలవు. జిగట విరేచనములు కలిగించు అమీబాలో పొయ్యి గుర్తుగా ఒక చిన్న తిత్తి మాత్రము మిగిలినది. అందు అక్షరము ఒక్కటియు లేదు. 2016లో ప్రాహా నగరపు పండితులు మోనోసెర్కోమోనాయిడీస్ అను ప్రాణిలో ఆ తిత్తి కూడ లేదని చూపిరి. ఇవి గాలి చొరని ప్రేగులలో నివసించునవి. పొయ్యి అక్కఱలేని చోట పొయ్యిని నిలుపుకొనలేదు.

దీనికి మఱుకొసను నిలిచినది రెక్లినోమోనాస్ అను ఒక మంచినీటి ప్రాణి. 1997లో దాని రెండవ గ్రంథమును చదువగా, 69,034 జతలు, 97 ప్రకరణములు కనబడినవి. ఆ ప్రకరణముల కూర్పు సూక్ష్మజీవులగు బాక్టీరియాల గ్రంథమును పోలియున్నది. 1967లో అమెరికాలో లిన్ మార్గులిస్ అను విదుషి, మైటోకాండ్రియా పూర్వము స్వతంత్రముగా బ్రతికిన బాక్టీరియాయే యనియు, అది వేఱొక కణములో చేరి కాపురముండి, క్రమముగా ఇంటి మనిషియై పోయినదనియు వాదించెను. మొదట పలువురు నమ్మలేదు. గ్రంథములు చదివిన కొలది ఆ మాట నిలిచినది. ఇల్లరికమునకు వచ్చిన అల్లుడు తన పుస్తకములు కొన్ని మామగారి గ్రంథాలయములో చేర్చి, కొన్నింటిని విడిచివేసి, నిత్యము కావలసిన నాలుగింటిని మాత్రము పొయ్యి దగ్గఱ నుంచుకొన్నట్లు, మైటోకాండ్రియా తన గ్రంథమును చాలవఱకు బీజకేంద్రమునకు అప్పగించినది. ఏ ప్రాణి ఎంత అప్పగించినది, ఎంత మిగుల్చుకొన్నది, ఏ తీరున కూర్చుకొన్నది యనునదే నేటి నా ప్రసంగ సారము. రెక్లినోమోనాసు ఎక్కువ మిగుల్చుకొన్నది. మనము కొలదిగా మిగుల్చుకొంటిమి. మలేరియా క్రిమి మూడు ప్రకరణములతో సరిపెట్టుకొన్నది. సర్రా క్రిమి మూలము పోగొట్టుకొని వట్టి చీటీలను మోయుచున్నది.

గ్రంథము ఎంత చిన్నదైనను, అందలి అక్షరము ఒక్కటి మాఱినచో మందు ఫలించుటయు మానుటయు మాఱును. పశువు నిలుచుటయు కూలుటయు మాఱును. ఊరి పెద్దలగు మీరు చెప్పిన మాటకు పల్లెలో విలువ యెక్కువ. నెత్తురు పరీక్ష చేయింపుడనియు, మందు సరియైన కొలతతో పూర్తిగా వాడుడనియు మీ నోట వచ్చినచో, పదిమంది వైద్యులు చెప్పినదానికంటె ఎక్కువగా చెవి కెక్కును. ఆ మాట చెప్పుడని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను. నమస్కారము.